జెట్ల పక్కన ఏముంది? ప్రోటాన్ తాకిడుల్లో అండర్‌లయింగ్ ఈవెంట్‌ను కొలిచే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

సెర్న్ ప్రయోగశాలలోని భారీ కణ త్వరణ యంత్రం ఎల్‌హెచ్‌సీలో రెండు ప్రోటాన్లు ఢీకొని రెండు జెట్లు, అంటే ఒకే దిక్కున గుంపుగా వెళ్లే కణాల ధారలు, ఎదురెదురు దిక్కులకు దూసుకుపోయాయనుకోండి. పాఠ్యపుస్తకం బొమ్మలో ఆ రెండు జెట్లే ఉంటాయి. డిటెక్టర్‌లో చూస్తే వాటి పక్కల్లో, వాటి అడుగున, వాటికి దూరంగా కూడా తక్కువ శక్తి గల కణాలు పదుల కొద్దీ పరచుకుని ఉంటాయి. అసలు తాకిడి అనుకున్నదాన్ని మినహాయిస్తే మిగిలే ఈ నేపథ్యాన్నే అండర్‌లయింగ్ ఈవెంట్ అంటారు (ఈవెంట్ అంటే డిటెక్టర్‌లో నమోదైన ఒక తాకిడి). జెట్ శక్తి సరిగ్గా చెప్పాలంటే దీన్ని తీసేయాలి. ప్రోటాన్‌లో క్వార్కులు, గ్లూయాన్లు ఎలా సర్దుకుని ఉన్నాయో తెలుసుకోవాలంటే దీన్నే జాగ్రత్తగా చూడాలి. కాబట్టి దీన్ని చెత్తగా చూడకండి. ఇది కొలవాల్సిన రాశి.

ఏటా వేసవిలో అనంతపురం, కర్నూలు, తిరుపతి, విశాఖ నుంచి ఎమ్మెస్సీ పిల్లలు ప్రాజెక్టులకని బెంగళూరు వస్తుంటారు. మత్తికెరెలోనో యశవంతపురలోనో గది తీసుకుని ఐఐఎస్సీ చుట్టూ తిరిగే ఆ పిల్లలను ఉద్దేశించే ఇది రాస్తున్నాను. కణభౌతికం కొంత, సీ ప్లస్ ప్లస్ లేదా పైథాన్ కొంత వస్తే చాలు. 8 జీబీ మెమరీ ఉన్న లాప్‌టాప్ సరిపోతుంది.

మొదట నిర్వచనం తేల్చుకోండి

అండర్‌లయింగ్ ఈవెంట్‌లో మూడు రకాల పదార్థం కలిసి ఉంటుంది. ఒకే ప్రోటాన్ జంటలో ప్రధాన తాకిడితో పాటు ఇంకొన్ని పార్టాన్ (క్వార్క్ లేదా గ్లూయాన్) జంటలు కూడా ఢీకొంటాయి. దీన్ని ఎంపీఐ (మల్టీ-పార్టాన్ ఇంటరాక్షన్) అంటాం. పగిలిన ప్రోటాన్ల అవశేషాలు రెండోది. ఢీకొనే ముందు, తర్వాత పార్టాన్లు వెదజల్లే గ్లూయాన్లలో జెట్‌కు దూరంగా పడేవి మూడోది.

ఇక్కడ అందరూ తడబడే విషయం ఒకటుంది. ఒక పయాన్‌ను (తాకిడుల్లో ఎక్కువగా పుట్టే తేలికైన కణాన్ని) పట్టుకుని 'నువ్వు జెట్ దానివా, నేపథ్యం దానివా' అని అడగలేం. ఈ పార్టాన్లన్నీ రంగు ఆవేశంతో (బలమైన బలానికి మూలమైన ధర్మంతో) ఒకదానికొకటి ముడిపడి, కలిసే హాడ్రాన్లుగా (క్వార్కులతో కట్టిన కణాలుగా) మారతాయి. కాబట్టి కణాలను విడదీసే పని పెట్టుకోకండి. జెట్ ప్రభావం తక్కువగా ఉండే చోటును ముందే ఎంచుకుని అక్కడ కణాల సాంద్రత కొలవండి. ఏ చోటు, ఏ కనీస పీటీ (కిరణానికి అడ్డదిశలో ఉన్న మొమెంటం), ఏ రకం కణాలు అన్నవే మీ కొలతకు నిర్వచనం. వాటిని గ్రాఫ్ గీయకముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. గ్రాఫ్ చూశాక హద్దులు జరిపితే మీరు కొలిచింది ప్రకృతిని కాదు, మీ ఇష్టాన్ని.

నెయ్యి తూచేటప్పుడు ముందు ఖాళీ గిన్నె బరువు తీసేస్తాం. ఇదీ అలాంటిదే. కాకపోతే ఈ గిన్నె బరువు, అందులో పోసే నెయ్యిని బట్టి మారుతుంది. జెట్ లేని మామూలు తాకిడిలో ఉండే కణాల సాంద్రత కంటే, గట్టి జెట్ ఉన్న తాకిడిలో పక్కల ఉండే సాంద్రత సుమారు రెండింతలు. అందుకే జెట్ లేని ఈవెంట్లలో సగటు తీసి, దాన్నే జెట్ ఈవెంట్ల నుంచి తీసేస్తే లెక్క తప్పుతుంది. నేపథ్యాన్ని అదే ఈవెంట్‌లో, జెట్ పక్కనే కొలవాలి.

దీన్ని పైలప్‌తో కలపకండి. ఎల్‌హెచ్‌సీలో ఒక్కో గుత్తిలో పదివేల కోట్లకు పైగా ప్రోటాన్లుంటాయి. రెండు గుత్తులు ఒకదానిలోంచి ఒకటి దూరినప్పుడు వేర్వేరు ప్రోటాన్ జంటలు ఒకేసారి ఢీకొనవచ్చు. అది పైలప్. కిరణం పొడవునా కొన్ని సెంటీమీటర్ల మేర ఈ తాకిడులు చెదిరి ఉంటాయి గనుక, ట్రాకులు (కణాల దారి జాడలు) పుట్టిన బిందువు చూసి వాటిని విడగొట్టవచ్చు. అండర్‌లయింగ్ ఈవెంట్ కణాలు మాత్రం జెట్ పుట్టిన బిందువులోనే పుడతాయి. బిందువు చూసి వాటిని వేరు చేసే దారే లేదు.

ఒకటికి మించిన తాకిడులు ఎందుకు?

ఇది తెలియకపోతే తర్వాత వచ్చే గ్రాఫులు అర్థం కావు. రెండు పార్టాన్లు ఢీకొనే క్రాస్ సెక్షన్ (తాకిడి జరిగే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత) పీటీ తగ్గే కొద్దీ చాలా వేగంగా పెరుగుతుంది. 7 టీఈవీ తాకిడి శక్తి దగ్గర ప్రోటాన్ల మొత్తం ఇన్‌ఎలాస్టిక్ (కొత్త కణాలు పుట్టే తాకిడుల) క్రాస్ సెక్షన్ సుమారు 73 మిల్లీబార్న్‌లు. పీటీ కనీస హద్దును 4, 5 జీఈవీ (వెయ్యి జీఈవీ ఒక టీఈవీ) దాకా దించేసరికి పార్టాన్ల లెక్క ఈ మొత్తాన్నే దాటిపోతుంది. భాగం మొత్తం కంటే పెద్దదైనట్టు కనిపిస్తుంది. అందులో వైరుధ్యమేమీ లేదు. ఒక ప్రోటాన్ తాకిడిలో సగటున ఒకటి కంటే ఎక్కువ పార్టాన్ తాకిడులు జరుగుతున్నాయని దానర్థం. స్యోస్ట్రాండ్, వాన్ జైల్ 1987లో ఈ ఆలోచనను ఒక నమూనాగా మలిచారు. తాకిడులను కంప్యూటర్‌లో అనుకరించడానికి ఇవాళ మనం వాడే పిథియా ప్రోగ్రాం దాని మీదే నిలబడి ఉంది.

ఈ కథలో బెంగళూరుకూ చోటుంది. ఐఐఎస్సీ హై ఎనర్జీ ఫిజిక్స్ కేంద్రంలో పనిచేసిన రోహిణి గోడ్‌బోలే, ఇటలీకి చెందిన జూలియా పాంకెరితో కలిసి, ఈ చిన్న పీటీ జెట్లు ప్రోటాన్ మొత్తం క్రాస్ సెక్షన్‌ను శక్తితో పాటు ఎలా పెంచుతాయో ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆమె 2024లో కన్నుమూశారు. ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ ఈ చిన్న పీటీ జెట్ల (మినీజెట్ల) మీద ఆమె రాసిన పత్రాల్లో కనీసం ఒకటైనా చదవాలని నా గట్టి కోరిక.

డేటా, పనిముట్లు

మొదట పిథియా 8తో మొదలుపెట్టండి. దానితో పాటు జెట్లు కట్టడానికి ఫాస్ట్‌జెట్, హిస్టోగ్రాములకు రూట్, ప్రచురిత కొలతలతో పోల్చుకోవడానికి రివెట్ పెట్టుకోండి. అన్నీ ఉచితం. లినక్స్‌లో సులువుగా నడుస్తాయి. రాత్రి పడుకునే ముందు పది లక్షల ఈవెంట్లు పెడితే తెల్లారేసరికి చేతికొస్తాయి.

పిథియాలో ఏ ప్రక్రియ ఆన్ చేస్తున్నారో చూసుకోండి. హార్డ్‌క్యూసీడీని (గట్టి పార్టాన్ తాకిడులను మాత్రమే పుట్టించే ఎంపికను) ఆన్ చేసి కనీస పీటీని ఒకటి, రెండు జీఈవీకి దించితే, పైన చెప్పిన కారణం వల్ల ఆ క్రాస్ సెక్షన్‌కు అర్థం ఉండదు. చిన్న పీటీ నుంచి ప్లాటో (గ్రాఫ్ చదునయ్యే భాగం) దాకా సాఫ్ట్‌క్యూసీడీ (అన్ని రకాల తాకిడులనూ ఇచ్చే ఎంపిక) వాడండి. 20, 30 జీఈవీ దాటిన జెట్లు సరిపడా రావాలంటే అప్పుడు హార్డ్‌క్యూసీడీని ముక్కలు ముక్కలుగా నడిపి, ఒక్కో ముక్కకు దాని క్రాస్ సెక్షన్ మేరకు బరువు ఇచ్చి కలపండి. రెండు పద్ధతులు కలిసే చోట గ్రాఫ్‌లో మెట్టు కనిపిస్తే బరువుల్లో ఎక్కడో తప్పు జరిగినట్టే.

నిజమైన డేటా కావాలంటే సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్ ఉంది. 2014లో మొదలైన ఈ పోర్టల్‌లో ఎల్‌హెచ్‌సీ ప్రయోగాల్లో ఒకటైన సీఎంఎస్ 2010లో 7 టీఈవీ దగ్గర సేకరించిన మినిమం బయాస్ (ఏరికోరకుండా తీసుకున్న తాకిడుల) డేటా ఉంది. ఆ ఏడాది పైలప్ చాలా తక్కువ గనుక ఈ పనికి అది బాగా నప్పుతుంది. దాన్ని చదవడానికి సీఎంఎస్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంటెయినర్ దించుకోవాలి. మొదటి వారం ఆ జోలికి పోవద్దని నా సలహా. పిథియా మీద మీ కోడ్ సరిగ్గా పనిచేస్తోందని తేలాకే డేటా తెరవండి.

ఈవెంట్లు, ట్రాకులు ఎంచడం

ఆవేశం ఉన్న కణాలతోనే మొదలుపెడదాం. వాటి ట్రాకులను చాలా తక్కువ పీటీ దాకా నమ్మకంగా కొలవవచ్చు. ట్రాక్ పుట్టిన చోటూ తెలుస్తుంది. కణాల శక్తిని కొలిచే కెలోరిమీటర్‌కు ఈ రెండూ కష్టం. ఈటా అంటే కిరణంతో కణం చేసే కోణాన్ని చెప్పే సంఖ్య, కిరణానికి లంబంగా ఉంటే అది సున్నా. ఎల్‌హెచ్‌సీ ప్రయోగాల్లో అట్లాస్ ఈటా 2.5 లోపు, సీఎంఎస్ ఈ కొలతలకు ఎక్కువగా 2 లోపు, ఆలిస్ 0.8 లోపు ట్రాకులు తీసుకుంటాయి. కనీస పీటీగా 0.5 జీఈవీ అన్ని ప్రయోగాలకూ ఉమ్మడి హద్దు లాంటిది. ఆలిస్ తన అయస్కాంత క్షేత్రం చిన్నది కావడం వల్ల 0.15 జీఈవీ దాకా దిగగలదు. ఈ వ్యాసంలో లెక్కలన్నీ ఈటా 0.8 లోపు, పీటీ 0.5 జీఈవీ పైన అన్న హద్దులతో చేస్తాను.

తాకిడి బిందువు డిటెక్టర్ మధ్య నుంచి 10 సెంటీమీటర్ల లోపు ఉండాలి. రెండో తాకిడి బిందువు కనిపిస్తే ఆ ఈవెంట్ పక్కన పెట్టండి. అయితే ఒకే తాకిడిని ప్రోగ్రాం పొరపాటున రెండుగా చీల్చడమూ జరుగుతుంది. ఎక్కువ ట్రాకులున్న ఈవెంట్లలో ఇది మరీ ఎక్కువ. అలాంటివన్నీ గుడ్డిగా పారేస్తే బాగా రద్దీగా ఉన్న ఈవెంట్లే పోయి మీ సగటు పడిపోతుంది. రెండు బిందువుల మధ్య దూరం చూసి నిర్ణయించండి.

దిక్సూచి ఏది? జెట్టా, ట్రాకా?

జెట్ ఎటు వెళ్లిందో చెప్పే ఆధారం ఒకటి కావాలి. అన్నిటికంటే ఎక్కువ పీటీ ఉన్న ట్రాక్‌ను తీసుకోవచ్చు. లేదా అన్నిటికంటే పెద్ద జెట్‌ను తీసుకోవచ్చు. ట్రాక్ అయితే ఒక జీఈవీ దగ్గర్నుంచీ పనిచేస్తుంది, కొలత సూటిగా ఉంటుంది. కానీ జెట్‌లో అది ఒక భాగమే. 5 జీఈవీ ట్రాక్ వెనక 8 జీఈవీ పార్టాన్ ఉండొచ్చు, 15 జీఈవీ పార్టాన్ ఉండొచ్చు. జెట్ అయితే పార్టాన్‌కు దగ్గరగా ఉంటుంది, కానీ చిన్న పీటీ దగ్గర జెట్ అనే మాటకే పట్టు తగ్గుతుంది. రెండూ చేయమంటాను. గ్రాఫ్ రూపం రెంటిలో ఒకేలా వచ్చి, ప్లాటో మొదలయ్యే చోటు మాత్రం జరిగితే మీ పని సరైన దారిలో ఉంది.

జెట్లకు యాంటీ-కేటీ పద్ధతి వాడండి. కచియారీ, సలాం, స్వాయే 2008లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో జెట్ అంచులు ఇంచుమించు గుండ్రంగా వస్తాయి గనుక వైశాల్యం లెక్క తేలిక. వ్యాసార్థం 0.4 తీసుకుంటే జెట్ అక్షం ఈటా 0.4 లోపే ఉండాలి. లేకపోతే జెట్‌లో కొంత ట్రాకుల హద్దు బయటికి పోతుంది.

వలయాన్ని పంచడం

ఇక్కడ నిదానించండి. ఈ కొలతకు గుండెకాయ ఇదే. అమెరికాలోని టెవాట్రాన్ యంత్రం మీద నడిచిన సీడీఎఫ్ ప్రయోగంలో రిక్ ఫీల్డ్, ఆయన సహచరులు ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ పంపకం 2002 నాటి పత్రంలో ఉంది. ఇప్పటికీ అందరూ దాన్నే వాడుతున్నారు. కిరణం చుట్టూ ఉన్న 360 డిగ్రీల వలయంలో, ఆధార జెట్‌కు అటూ ఇటూ 60 డిగ్రీల లోపు ఉన్నది టువర్డ్ ప్రాంతం. 120 డిగ్రీలు దాటి ఎదురుగా ఉన్నది అవే ప్రాంతం. అక్కడ రెండో జెట్ ఉంటుంది. మధ్యలో రెండు పక్కలా మిగిలే 60 నుంచి 120 డిగ్రీల ముక్కలు ట్రాన్స్‌వర్స్ ప్రాంతం. జెట్లు రెండూ దూరంగా ఉంటాయి గనుక నేపథ్యం అక్కడే బాగా కనబడుతుంది.

కోణాల తేడా తీసేటప్పుడు వలయం చుట్టి రావడం మరిచిపోతే మొత్తం పాడవుతుంది. జెట్ కోణం 5.90 రేడియన్లు, ట్రాక్ కోణం 0.35 అనుకోండి. నేరుగా తీసేస్తే 5.55, అంటే 318 డిగ్రీలు. కోడ్ దాన్ని 120 కంటే ఎక్కువ కాబట్టి అవే ప్రాంతంలో వేస్తుంది. నిజానికి 6.283 లోంచి 5.55 తీసేస్తే 0.733, అంటే 42 డిగ్రీలు. ఆ ట్రాక్ జెట్‌లోదే. హిందూపురం నుంచి వచ్చిన ఒక తమ్ముడు 'అక్కా, అవేలో జెట్ కంటే ఎక్కువ వస్తోంది, పిథియాలో బగ్గేమో' అంటూ స్క్రీన్ చూపించాడు. అతని జెట్ కోణాల హిస్టోగ్రామ్‌ను నాలుగు ముక్కలు చేసి చూశాం. జెట్ సున్నాకు దగ్గరగానో, 6.28కి దగ్గరగానో ఉన్న ముక్కల్లోనే అవే ఉబ్బి ఉంది. మిగతా రెండు ముక్కలూ మామూలుగానే ఉన్నాయి. భౌతికానికి సున్నా డిగ్రీ ఎక్కడుందో పట్టదు, కోడ్‌కు పడుతుంది. జెట్ కోణాన్ని బట్టి ఫలితం మారితే తప్పు కోడ్‌లోనో డిటెక్టర్‌లోనో ఉందన్నమాట. ఈ పరీక్ష ప్రతి ఒక్కరూ చేయాలి.

వైశాల్యం లెక్క: ఈటా వెడల్పు 1.6. ట్రాన్స్‌వర్స్ రెండు పక్కలూ కలిపి 120 డిగ్రీలు, అంటే 2.094 రేడియన్లు. గుణిస్తే 3.35. ఒక్కో పక్క 1.676.

ఒక ఈవెంట్ చేతితో చేసి చూద్దాం. ఎడమ పక్క మూడు ట్రాకులు: 0.7, 1.1, 0.6 జీఈవీ. కుడి పక్క ఒకటి: 0.9 జీఈవీ. సంఖ్యా సాంద్రత 4 భాగించు 3.35, అంటే 1.19. పీటీ మొత్తం 3.3 జీఈవీ, దాని సాంద్రత 0.985. ఇలా ప్రతి ఈవెంట్‌కూ తీసి, ఆధార పీటీ గడుల వారీగా సగటు వేయాలి. ట్రాన్స్‌వర్స్‌లో ఒక్క ట్రాకూ లేని ఈవెంట్‌ను సున్నాగా సగటులో కలపాలి. 'ఏమీ లేదు కదా' అని లూప్‌లోంచి దాటేస్తే చిన్న పీటీ గడుల్లో సగటు అబద్ధంగా పెరుగుతుంది. ఒక్కో ట్రాక్‌కు సగటు పీటీ అన్న మూడో రాశికి మాత్రం సున్నా ఈవెంట్లకు అర్థం లేదు, అక్కడ వదిలేయాలి.

తర్వాత రెండు పక్కలను విడదీయండి. ఎక్కువ ఉన్నది ట్రాన్స్-మాక్స్, తక్కువ ఉన్నది ట్రాన్స్-మిన్. పై ఈవెంట్‌లో పీటీ సాంద్రత మాక్స్‌కు 1.43, మిన్‌కు 0.54, తేడా 0.89. దీనివల్ల లాభమేమిటంటే, గట్టి గ్లూయాన్ ఒకటి విడిపోయి మూడో జెట్‌గా పక్కకు వస్తే అది ఒక పక్కే పడుతుంది, మాక్స్‌ను పెంచుతుంది. ఎంపీఐ, అవశేషాలు రెండు పక్కలా సమానంగా పడతాయి గనుక మిన్‌లో అవే మిగులుతాయి. కాబట్టి మిన్ నుంచి ఎంపీఐ గురించి, తేడా నుంచి వెదజల్లిన గ్లూయాన్ల గురించి తెలుసుకోవచ్చు. ఒక్క సగటు గ్రాఫ్‌లో కలిసిపోయిన రెండు కథలను ఇంత చిన్న ఉపాయం విడగొట్టడం నాకు ఎప్పుడు చూసినా సంతోషం కలిగిస్తుంది. మాక్స్‌ను ఏ రాశి ఆధారంగా ఎంచారో, సంఖ్యతోనా పీటీ మొత్తంతోనా, తప్పకుండా రాయండి.

డిటెక్టర్ చేసిన మార్పును సరిచేయడం

డిటెక్టర్ కొన్ని ట్రాకులను వదిలేస్తుంది, లేని ట్రాకులను పుట్టిస్తుంది, దారిలో క్షయమైన కణాల ట్రాకులను తెచ్చి కలుపుతుంది. మొదటి రెంటికీ ప్రతి ట్రాక్‌కు బరువు ఇస్తే చాలా వరకు సరిపోతుంది: నకిలీల వాటా తీసేసి, దొరికే అవకాశంతో భాగించడం. ఆ అవకాశం పీటీతో, ఈటాతో మారుతుంది. మూడోదానికి కే-షార్ట్, లాంబ్డా వంటి కణాల వాటా డేటా నుంచే సరిచూడాలి. సిమ్యులేషన్ వింత (స్ట్రేంజ్ క్వార్క్ ఉన్న) కణాలను తక్కువగా ఇస్తుందన్నది తెలిసిన సంగతే.

ఈ కొలతకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. అన్నిటికంటే పెద్ద ట్రాక్‌నే డిటెక్టర్ వదిలేసిందనుకోండి. రెండోది దాని స్థానంలోకి వస్తుంది. అది ఎదురు జెట్‌లో ఉంటే పెద్ద నష్టం లేదు. పక్కన ఉంటే మాత్రం వలయం మొత్తం తిరిగిపోయి, జెట్ కణాలు ట్రాన్స్‌వర్స్‌లోకి వచ్చి పడతాయి. బరువులు ఇవ్వడం దీన్ని సరిచేయలేదు. డేటా ఈవెంట్లు తీసుకుని, దొరికే అవకాశం ప్రకారం ట్రాకులను పాచిక వేసి తీసేసి, మళ్లీ మొత్తం విశ్లేషణ చేయండి. ఫలితం ఎంత జరిగిందో చూసి, అంతే వెనక్కి జరపడం ఒక దారి. అదే పనిని రెండుసార్లు, మూడుసార్లు చేసి, ఆ వరుసను వెనక్కి పొడిగిస్తూ డిటెక్టర్ లేని స్థితికి చేరడం ఇంకో దారి. 13 టీఈవీ డేటాకు అట్లాస్ ఈ రెండో తోవనే వాడింది.

సరిచేయడం అయ్యాక క్లోజర్ పరీక్ష. డిటెక్టర్ సిమ్యులేషన్ గుండా వెళ్లిన పిథియా ఈవెంట్లను డేటా అనుకుని మొత్తం సరిచేసి, అసలు పిథియాతో పోల్చండి. మిగిలిన తేడా మీ అనిశ్చితిలో ఒక భాగం. పిథియా లాంటి వేరే అనుకరణ ప్రోగ్రాం, ఉదాహరణకు ఈపాస్‌తో ఇదే చేయకపోతే పరీక్ష సగమే అయినట్టు.

జెట్ కింద ఉన్నదాన్ని తీసేయడం

ఇప్పటిదాకా పక్కల చూశాం. జెట్ లోపల పడిన నేపథ్యం ఎంత? 0.4 వ్యాసార్థం జెట్ వైశాల్యం 0.503. సాంద్రత యూనిట్‌కు 1 జీఈవీ అనుకుంటే జెట్ లోపల అర జీఈవీ నేపథ్యం ఉంటుంది. 20 జీఈవీ జెట్‌లో అర జీఈవీ అంటే రెండున్నర శాతం, ఏముందిలే అనిపిస్తుంది. కానీ జెట్ల సంఖ్య పీటీతో చాలా నిట్టనిలువుగా పడిపోతుంది, ఇంచుమించు పీటీ అయిదో ఘాతానికి విలోమంగా. అప్పుడు పీటీలో రెండున్నర శాతం జరుగుడు, సంఖ్యలో 12 శాతానికి పైగా మార్పు అవుతుంది. అదే 100 జీఈవీ దగ్గర రెండున్నర శాతమే. చిన్న జెట్లు కొలిచేవాళ్లకు ఈ సవరణ ఎందుకంత ముఖ్యమో ఇదే చెబుతుంది. 0.2 వ్యాసార్థం తీసుకుంటే వైశాల్యం 0.126కి పడిపోయి సమస్య నాలుగో వంతు అవుతుంది.

సాంద్రత కొలవడానికి రెండు పద్ధతులు బాగా నిలబడ్డాయి. మొదటిది లంబ శంకువు: జెట్ ఈటా దగ్గరే, కోణంలో 90 డిగ్రీలు అటూ ఇటూ జరిగి, జెట్ అంత వెడల్పున్న రెండు శంకువుల్లో పీటీ కూడి సగటు తీసుకోవడం. ఆలిస్ ప్రోటాన్ తాకిడుల్లో ఆవేశ జెట్లకు దీన్నే వాడింది. మూడో జెట్ ఒక శంకువులో పడితే సగటు పెరుగుతుంది. అందుకే సగటుతో ఒకసారి, రెంటిలో చిన్నదానితో ఒకసారి చేసి, తేడాను అనిశ్చితిగా పెట్టండి.

రెండోది మధ్యగత పద్ధతి. ఈవెంట్ మొత్తాన్ని కేటీ పద్ధతితో చిన్న జెట్లుగా కట్టి, ఒక్కోదాని పీటీని వైశాల్యంతో భాగించి, మధ్యగతం తీసుకుంటారు. సగటు కాకుండా మధ్యగతం తీసుకోవడం వల్ల ఒకటి రెండు గట్టి జెట్లు లెక్కను లాగలేవు. చిక్కేమిటంటే ప్రోటాన్ ఈవెంట్లు పలచగా ఉంటాయి. సగానికి పైగా వైశాల్యం ఖాళీగా ఉంటే మధ్యగతం సున్నా అయి కూర్చుంటుంది. అప్పుడు నిజమైన కణాలున్న జెట్లలోనే మధ్యగతం తీసి, వాటి వైశాల్యం మొత్తంలో ఎంత వాటానో దానితో గుణించాలి. సీఎంఎస్ 900 జీఈవీ డేటాలో చేసింది ఇదే.

సగటు అర జీఈవీ అన్నంత మాత్రాన ప్రతి జెట్ కిందా అర జీఈవీ ఉండదు. చాలా ఈవెంట్లలో సున్నా, కొన్నిటిలో రెండు మూడు జీఈవీ. ఈ ఊగిసలాటను చూడాలంటే జెట్లకు దూరంగా యాదృచ్ఛిక చోట్ల శంకువులు పెట్టి, వచ్చిన పీటీ నుంచి అంచనాను తీసేసి హిస్టోగ్రామ్ గీయండి. అది కుడివైపు పొడవుగా సాగి ఉంటుంది. ఆ ఆకారాన్ని అన్‌ఫోల్డింగ్‌లో (కొలిచిన పంపిణీ నుంచి అసలు పంపిణీని రాబట్టే లెక్కలో) చేర్చాలి. ఆవేశ కణాలతో తీసిన సాంద్రతను పూర్తి జెట్‌కు వాడకండి. ఆవేశ కణాల వాటా సగటున అయిదింట మూడు వంతులే.

గ్రాఫ్ ఏం చెబుతోంది

ట్రాన్స్‌వర్స్ సాంద్రతను ఆధార ట్రాక్ పీటీకి ఎదురుగా గీస్తే మొదట గబగబా పెరిగి, సుమారు 5 జీఈవీ దగ్గర చదునవుతుంది. టువర్డ్, అవే మాత్రం పెరుగుతూనే పోతాయి. చదునైన భాగమే ప్లాటో. మొదటి పెరుగుదలలో కొంత లెక్కల వల్లే వస్తుంది. ఆధార ట్రాక్ 1 జీఈవీ అయితే పక్కన అంతకు మించిన ట్రాక్ ఉండే వీల్లేదు కదా. మిగతాది భౌతికం. ప్రోటాన్లు ఒకదాని అంచు ఒకటి రాసుకుంటే గట్టి తాకిడి జరిగే అవకాశం తక్కువ. నడిబొడ్డున ఢీకొంటే ఆ అవకాశం ఎక్కువ, ఇతర పార్టాన్ తాకిడులూ ఎక్కువే. అందువల్ల గట్టి జెట్‌ను ఎంచుకోవడమంటే నడిమి తాకిడులను ఎంచుకోవడమే. 5 జీఈవీ దాటాక అన్నీ నడిమి తాకిడులే గనుక జెట్ ఇంకా పెరిగినా పక్కల సాంద్రత పెద్దగా కదలదు. జెట్ ఆధారంతో గీస్తే ఈ మలుపు ఇంకాస్త కుడికి వస్తుంది.

పిథియాలో ఎంపీఐని ఆఫ్ చేసి అదే గ్రాఫ్ మళ్లీ గీయండి. ప్లాటో కుప్పకూలుతుంది. ఈ ఒక్క గ్రాఫ్ ఎన్నో పేజీల వివరణకు సమానం. తర్వాత పీటీ0రెఫ్ అనే పరామితిని కదపండి. పార్టాన్ క్రాస్ సెక్షన్ చిన్న పీటీ దగ్గర హద్దు మీరకుండా ఆపేది ఇదే. మోనాష్ 2013 ట్యూన్‌లో (డేటాకు సరిపోయేలా ఎంచిన పరామితుల సమితిలో) దాని విలువ 7 టీఈవీ దగ్గర 2.28 జీఈవీ. శక్తితో పాటు 0.215 ఘాతంతో పెరుగుతుంది. అలా లెక్కిస్తే 13 టీఈవీ దగ్గర 2.60, 0.9 టీఈవీ దగ్గర 1.47 వస్తాయి. దీన్ని తగ్గిస్తే ప్లాటో లేస్తుంది, పెంచితే దిగుతుంది. సంఖ్యా సాంద్రత, పీటీ సాంద్రత రెండూ ఒకేసారి డేటాతో కుదరడం కష్టమని అప్పుడు మీకే తెలుస్తుంది. ట్రాక్ సగటు పీటీ కణాల సంఖ్యతో పెరగాలంటే కలర్ రీకనెక్షన్ (పార్టాన్ల మధ్య రంగు ముడులను మళ్లీ సర్దడం) కావాలి. దాన్ని ఆఫ్ చేసి చూడండి, ఆ వంపు దాదాపు చదునవుతుంది.

అనిశ్చితి, పోలిక

గణాంక దోషాన్ని ట్రాకుల సంఖ్య వర్గమూలంతో వేయకండి. ఒకే ఈవెంట్‌లోని ట్రాకులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. మీ నమూనాలో స్వతంత్రమైనది ఈవెంట్ ఒక్కటే. ఈవెంట్లను బూట్‌స్ట్రాప్ చేసి (ఉన్నవాటిలోంచే యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ ఎంచి) సగటు ఎంత కదులుతుందో చూడండి. వ్యవస్థాగత దోషాల్లో ట్రాకులు దొరికే అవకాశమే సాధారణంగా పెద్దది. దాన్ని పైకీ కిందికీ జరిపి మొత్తం విశ్లేషణ మళ్లీ నడపాలి.

ప్రచురిత విలువలు హెప్‌డేటా అనే ఆన్‌లైన్ భాండారంలో అంకెలతో సహా ఉన్నాయి. పోల్చే ముందు నాలుగు విషయాలు సరిపోయాయో చూడండి: ఈటా హద్దు, కనీస పీటీ, ఆధారం ట్రాకా జెట్టా, టువర్డ్ ప్రాంతంలో ఆధార ట్రాక్‌ను కలిపారా లేదా. 0.5 జీఈవీ హద్దుతో తీసిన కొలత 0.15తో తీసినదానితో సరిపోలడం లేదని వారాల తరబడి తల పట్టుకున్నవాళ్లున్నారు.

ఇక్కడిదాకా వచ్చాక తర్వాతి అడుగు వేయాలనిపిస్తే, ప్లాటోలోని ఈవెంట్లనే ట్రాన్స్‌వర్స్ సంఖ్యను దాని సగటుతో భాగించి తరగతులుగా విడగొట్టండి. మార్టిన్, స్కాండ్స్, ఫారింగ్‌టన్ 2016లో సూచించిన ఈ నిష్పత్తిని ఆలిస్ తన కొలతల్లో వాడుతోంది. నిష్పత్తి చాలా తక్కువ ఉన్న ఈవెంట్లలో జెట్ దాదాపు ఒంటరిగా ఉంటుంది. చాలా ఎక్కువ ఉన్నవాటిలో వింత కణాల వాటా మారుతుందా అన్నది ఇంకా చర్చలో ఉన్న ప్రశ్న. ఆ పనికి వీలుగా సగటు ఒక్కదాన్నే కాకుండా, ప్రతి పీటీ గడికీ ట్రాన్స్‌వర్స్ సంఖ్యల హిస్టోగ్రామ్ మొత్తాన్నీ మొదటి రోజు నుంచే ఫైల్లో దాచిపెట్టుకోండి.